మోటారు సైకిలు విద్యుత్తు తీగలు: చెడిన అతుకులను సరిచేయు విధము



మన పడమటి మండలములలో పంట పొలము దాటి పోవునది తరచు చీకటిలోనే. మదనపల్లె మార్కెట్టునకు పోవలసిన టమోటా పెట్టెలు వేకువకు ముందే కదలవలెను. పుంగనూరు చుట్టుప్రక్కల పల్లెలలో పాల క్యాన్లు తెల్లవారకముందే కేంద్రము చేరవలెను. మరల ప్రొద్దు క్రుంకిన తరువాత ఇంకొక దఫా. కుప్పం వైపున మల్బరీ వేసినవారు పట్టుగూళ్ళ సంచులు కట్టుకొని చీకటితోనే బయలుదేరుదురు. పూర్వము ఈ పని ఎద్దుబండి చేసెడిది. ఇరుసు క్రింద లాంతరు ఒకటి వ్రేలాడుచుండెడిది. నేడు ఆ పనిలో పెద్ద పాలు మోటారు సైకిలు చేయుచున్నది. లాంతరు స్థానమున ముందర ఒక తెల్ల దీపము, వెనుక ఒక ఎర్ర దీపము ఉన్నవి. లాంతరులో నూనె ఉన్నదో లేదో ఎత్తి చూచిన తెలిసెడిది. ఈ దీపములకు పోవు తీగలో ఏమి జరుగుచున్నదో కంటికి కనబడదు. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

దీపము వెలగనిచో మనము సాధారణముగా బల్బును అనుమానింతుము. బల్బు మార్చినను వెలగనిచో బ్యాటరీని అనుమానింతుము. బ్యాటరీకి డబ్బు పోసిన తరువాత కూడ వారము దినములలో మరల అదే కథ. నిజమునకు దోషము ఎక్కువ పర్యాయములు ఈ రెంటిలోను ఉండదు. ఎప్పుడో ఎవరో రెండు తీగలను పురి పెట్టి, పైన టేపు చుట్టి వదలిన అతుకులో ఉండును. లేదా చట్రమునకు బిగించిన ఎర్తు తీగ కొసలో ఉండును. ఈ రెండు చోట్లను సరిచేయుటకు కొద్దిపాటి ఖర్చు, ఒక పూట ఓపిక చాలును. ఆ పనిని ఇంటివద్ద ఎట్లు చేసుకొనవలెనో చెప్పుటకే ఈ వ్యాసము.

తీగలో విద్యుత్తు నడక

డ్రిప్పు గొట్టములు వేసిన రైతుకు ఈ సంగతి చెప్పుట సులభము. బోరు బాగుగా పోయుచున్నను గొట్టము ఒక చోట నలిగినచో చివరి మొక్కకు నీరు అందదు. మోటారు సైకిలులో ఇంజనుతో పాటు తిరుగు జనరేటరు బోరు వంటిది. అది పుట్టించు విద్యుత్తును అదుపులో పెట్టి బ్యాటరీకి పంపునది రెగ్యులేటరు. అక్కడ నుండి ఫ్యూజు, తాళపు స్విచ్చి, హ్యాండిలు మీది మీటలు దాటి తీగలు దీపములకు, హారనుకు పోవును. నీటికి, విద్యుత్తునకు ఒక తేడా మాత్రము కలదు. నీరు మొక్క వద్ద ఇంకిపోవును. విద్యుత్తు అట్లు కాదు. పోయిన దారి ఒకటైతే బ్యాటరీకి తిరిగి వచ్చుటకు మరియొక దారి ఉండవలెను. ఆ తిరుగుదారియే ఎర్తు. చాల బండ్లలో ఇనుప చట్రము కూడ ఈ తిరుగుదారిలో భాగమే. పోవు దారి ఎంత బాగున్నను తిరుగుదారి తెగినచో దీపము వెలగదు.

ఒక లెక్క చూడుడు. 35 వాట్ల బల్బు 12 వోల్టుల మీద సుమారు 3 ఆంపియర్లు తీసికొనును. ఒక చదరపు మిల్లీమీటరు మందము గల రాగి తీగ మీటరు పొడవునకు అడ్డుపడునది సుమారు ఒక ఓములో అరవయ్యో వంతు. కాని చిలుము పట్టిన పురి అతుకు ఒక్కటే అర ఓము అడ్డుపడవచ్చును. అనగా ఆ చిన్న అతుకు దాదాపు 30 మీటర్ల తీగతో సమానము! మూడు ఆంపియర్లు అర ఓము గుండా పోయినచో ఒకటిన్నర వోల్టులు అక్కడనే హరించిపోవును. బల్బునకు చేరునది పదిన్నర వోల్టులే. బల్బు వెలుగు వోల్టులతో సమముగ తగ్గదు, అంతకంటె త్వరగా తగ్గును. ఎనిమిదింట ఒక వంతు వోల్టులు పోయినచో వెలుగులో మూడింట ఒక వంతు పోవును. దారిన ముప్పది అడుగుల దూరమున కనబడవలసిన గుంట ఇరువది అడుగులకు వచ్చిన దాక కనబడకపోవచ్చును.

పోయిన ఆ విద్యుత్తు ఏమైనది? అతుకు వద్ద వేడిగా మారినది. ఆ వేడికి టేపు జిగురు కరగి జారును, చిలుము ఇంకను పెరుగును, అడ్డు ఇంకను హెచ్చును. చెడిన అతుకు తనంత తాను బాగుపడదు. రోజు రోజుకు చెడును.

పాత తరమువారు ఎరిగిన జావా, రాజదూత్, పాత బుల్లెట్ బండ్లలో 6 వోల్టుల బ్యాటరీ ఉండెడిది. అంతే వాట్ల బల్బునకు వానిలో రెట్టింపు ఆంపియర్లు పారవలెను. అందుచేత చిన్న చిలుమునకే దీపము మినుకుమినుకుమనెడిది. 12 వోల్టులు వచ్చిన తరువాత ఆ బాధ చాల తగ్గినది. కాని మనము ఆ లాభమును పురి అతుకులతో తిరిగి పోగొట్టుకొనుచున్నాము.

దోషము దాగి ఉండు చోట్లు

మొదట చూడవలసినది హ్యాండిలు మెడ వద్ద. హ్యాండిలును త్రిప్పినప్పుడెల్ల అక్కడి తీగల కట్ట వంగి నిగుడుచుండును. పైతొడుగు బాగుగానే కనబడును; లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగి చివరకు రెండు మూడు పోగులు మిగులును. ఇంజను నడచుచుండగా హ్యాండిలును నెమ్మదిగా ఇటు చివర నుండి అటు చివరకు త్రిప్పి చూడుడు. దీపము గాని హారను గాని మధ్యలో ఆగినచో దొంగ అక్కడ దొరికినట్లే.

రెండవది వెనుక భాగము. పాల క్యాన్లు వ్రేలాడదీయుటకు ఇనుప స్టాండు వేయించుదురు గదా. దాని అంచు వెనుక దీపపు తీగను ఒరయుచుండును. గతుకుల దారిలో నిండు క్యాన్ల బరువుతో ఆ ఒరపు మరింత ఎక్కువ. తొడుగు అరిగి రాగి ఇనుమును తాకిన నాడు ఫ్యూజు పోవును. అంతకు ముందే ఇండికేటరు పిచ్చిపిచ్చిగా వెలుగుట మొదలగును. దానిని చూచి ఇండికేటరు పెట్టెను మార్చువారు కలరు. అది వట్టి దండుగ.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ స్టాండులను బండి మీదనే వెల్డింగు చేయించుట చాల చోట్ల వాడుక. వెల్డింగు విద్యుత్తు చట్రము గుండా పారును. అది దారి తప్పి తీగలలోను, రెగ్యులేటరులోను, ఇంజను కంప్యూటరులోను దూరినచో వేల రూపాయల నష్టము. స్టాండును విడిగా చేయించి నట్లు బోల్టులతో బిగించుట మేలు. తప్పనిచో బ్యాటరీ తీగలు రెండును విప్పవలెను. కంప్యూటరు ప్లగ్గును ఊడదీయించవలెను. పెట్రోలు ట్యాంకును దింపించవలెను. వెల్డింగు యంత్రపు ఎర్తు క్లిప్పును వెల్డింగు చేయు చోటికి ఆనుకొని పెట్టించవలెను.

మూడవది మనవారు ఎవ్వరును అనుమానించనిది. పశువుల కొట్టములో బండి నిలుపు అలవాటు పల్లెలలో కలదు. పుంగనూరు అనగానే పొట్టి ఆవు జ్ఞాపకము వచ్చును. కాని నేడు క్యాన్లకెక్కు పాలు ఎక్కువగా సంకరజాతి ఆవులవి, కొట్టములు పెద్దవి. పశువుల మూత్రము నుండి అమ్మోనియా వాయువు పుట్టును. కొట్టములోనికి పోగానే ముక్కునకు ఘాటుగా తగులునది అదియే. అది తేమతో కలిసి రాగిని, ఇత్తడిని తినివేయును. మీ బండి కనెక్టర్లలోని కొసలు పచ్చబడినచో, బండి ఎక్కడ నిద్రించుచున్నదో ముందు చూచుకొనుడు. ఎరువుల బస్తాల ప్రక్కన, పురుగుమందుల స్ప్రేయరు ప్రక్కన నిలిపినను ఇట్టి చెరుపే. కొట్టమునకు వెలుపల ఒక రేకు దించి బండిని నిలుపుట మంచిది.

ఎలుకల సంగతి మీకు చెప్పనక్కరలేదు. వేరుశనగ నిలువ చేసిన ఇంట బండి సీటు క్రింద వెచ్చగా ఉండును; అక్కడ గూడు పెట్టి తీగలను కొరుకును. పది దినములు కదలించని బండిని నడుపుటకు ముందు సీటు ఎత్తి చూడవలెను.

బోరు నీటి ధార క్రింద బండిని కడుగుట గూర్చి ఒక మాట. ధారను తాళపు స్విచ్చి మీదికి, హ్యాండిలు మీటల మీదికి, సీటు క్రిందికి సూటిగా కొట్టరాదు. ఆ నీరు కనెక్టర్లలో చేరి నెమ్మదిగా పచ్చని చిలుమగును. తడిగుడ్డతో తుడిచిన చాలును.

పరీక్షించు క్రమము

పరికరములు పెద్దవేమియు వద్దు. ఒక పాత ఇండికేటరు బల్బునకు రెండు తీగలు అతికి, కొసలకు క్లిప్పులు పెట్టుకొన్నచో అదియే పరీక్షదీపము. ఒక చిన్న మల్టీమీటరు కూడ ఉన్నచో మరింత మంచిది. ఇది బోరు మోటారు ఫ్యూజులను చూచుకొనుటకు కూడ పనికివచ్చును గనుక దండుగ కాదు. అయితే 12 వోల్టుల పరీక్షదీపమును ఇంటి కరెంటు మీద గాని, మోటారు స్టార్టరు పెట్టెలో గాని ఎన్నడును పెట్టరాదు.

బ్యాటరీతో మొదలు పెట్టుడు. రాత్రి అంతయు నిలిపి ఉంచిన బండి బ్యాటరీ 12.6 వోల్టులు గాని అంతకంటె హెచ్చుగా గాని చూపినచో నిండుగా ఉన్నట్లు. 12 కంటె తక్కువ చూపినచో ఖాళీ అయినట్లు. తరువాత ఇంజను నడపి, కొంచెము వేగము పెంచి మరల చూడుడు. పదమూడున్నర మొదలు పదునాలుగున్నర వరకు వచ్చినచో జనరేటరు, రెగ్యులేటరు మంచివే. వేగము పెంచినను పన్నెండున్నర దాటనిచో బ్యాటరీకి విద్యుత్తు చేరుటలేదు. క్రొత్త బ్యాటరీ కొన్నను అదియు నాలుగు దినములలో పడుకొనును. పదిహేను దాటినచో రెగ్యులేటరు చెడినది. బల్బులు వరుసగా మాడిపోవుచున్న బండ్లలో తరచు ఇదియే కారణము. దీనిని ఇంట బాగుచేయలేము, మార్పించవలెను.

తరువాత ఎర్తు. నన్నడిగినచో సగము చిక్కులు ఇక్కడనే తీరును. ఒక పొడవైన తీగ తీసికొని ఒక కొసను బ్యాటరీ ఋణ ధ్రువమునకు తగిలించి, రెండవ కొసను వెలగని దీపపు ఎర్తు తీగకు తాకించుడు. తాకిన వెంటనే దీపము ధగధగ వెలిగినచో బల్బు మంచిది, స్విచ్చి మంచిది, పోవు దారి అంతయు మంచిది. తిరుగుదారి మాత్రమే చెడినది. చట్రమునకు ఎర్తు తీగ బిగించిన బోల్టును వెదకి విప్పుడు. క్రింద రంగు గాని తుప్పు గాని ఉండును. గరుకు కాగితముతో ఇనుము మెరయు వరకు రుద్ది, తీగ కొసనున్న వలయమును కూడ రుద్ది, పండ్ల వాషరు వేసి గట్టిగా బిగించవలెను. బిగించిన పిమ్మట పైన కొంచెము వాజలైను పూసినచో తేమ చేరదు. క్రొత్తగా రంగు వేయించిన బండ్లలో దీపములు చెడుటకు కారణము ఇదియే. రంగు విద్యుత్తును పోనీయదు. అందముగా ఉన్నది గదా యని ఎర్తు బోల్టు క్రింద కూడ రంగు పూయించుకొందురు.

ఎర్తు మంచిదైనచో పోవు దారిని చూడవలెను. పరీక్షదీపపు ఒక క్లిప్పును ఎర్తుకు తగిలించి, రెండవ దానిని మొదట ఫ్యూజు వద్ద, తరువాత స్విచ్చి వద్ద, తరువాత కనెక్టరు వద్ద, కడపట బల్బు వద్ద తాకించుచు పొండు. ఎక్కడి వరకు వెలుగునో అక్కడి వరకు దారి మంచిది. వెలిగిన చోటికి, వెలగని చోటికి నడుమ దోషము ఉన్నది. కాలువ వెంట నడచి గండి వెదకుట ఇదియే గదా. తీగ తొడుగును సూదితో పొడిచి చూచువారు కలరు. ఆ రంధ్రము గుండా తేమ దిగి ఏడాదికి అచ్చటనే తీగ కుళ్ళును. కనెక్టరును విప్పి లోపలి కొసను తాకించవలెను గాని తీగను పొడువరాదు.

రెండు జాగ్రత్తలు చెప్పి ముందుకు పోదును. 2020 ఏప్రిల్ 1 తరువాత అమ్మిన బి.ఎస్.6 బండ్లలో చాల వాటికి పెట్రోలును కొలిచి ఇచ్చు చిన్న కంప్యూటరు కలదు. దానికి పోవు సన్నని తీగల మీద బల్బు పరీక్షదీపమును పెట్టరాదు. బల్బు లాగు విద్యుత్తునకు ఆ కంప్యూటరు చెడవచ్చును. దీపములు, హారను, ఇండికేటర్లు, బ్రేకు దీపము వరకే మీ పని. రెండవది, కొన్ని పాత చిన్న బండ్లలో ముందు దీపము బ్యాటరీ మీద గాక జనరేటరు మీదనే నేరుగా వెలుగును. అట్టి బండి నిలిచి ఉన్నప్పుడు దీపము మందగించి, వేగము పెంచినప్పుడు వెలుగుట దాని స్వభావము, దోషము కాదు.

తీగల రంగులు అన్ని బండ్లకు ఒకటి కావు. హోండా పద్ధతిలో వచ్చిన బండ్లలో ఆకుపచ్చ తీగ ఎర్తు. వేరు కంపెనీల బండ్లలో ఎర్తునకు వేరు రంగు ఉండవచ్చును. ప్రక్కింటివాని బండిని చూచి మీ బండి తీగను కోయకుడు.

అతుకు వేయు పద్ధతి

పని మొదలు పెట్టుటకు ముందు తాళము తీసి, బ్యాటరీ ఋణ ధ్రువపు తీగను మొదట విప్పవలెను, తరువాత ధన ధ్రువము. బిగించునప్పుడు ధన ధ్రువము మొదట, ఋణము కడపట. ఈ వరుస తప్పినచో చేతిలోని స్పానరు ధన ధ్రువమును, చట్రమును ఒకేసారి తాకి నిప్పు లేచును. పైన పెట్రోలు ట్యాంకు ఉన్నదని మరువరాదు.

పాత పురి అతుకును టేపుతో సహా కోసి పారవేయుడు. కొసలను నల్లబడిన రాగి పోయి ఎర్రని రాగి వచ్చు వరకు వెనుకకు కోయవలెను. దీనివలన తీగ పొట్టిదగును. అప్పుడు లాగి అతుకక, నడుమ క్రొత్త ముక్క వేయవలెను. బిగువుగా లాగిన తీగ మొదటి గతుకుకే తెగును. క్రొత్త ముక్క పలు పోగుల రాగి ఆటో తీగయై ఉండవలెను. ఇండికేటర్లకు అర చదరపు మిల్లీమీటరు, ముందు దీపమునకు, హారనునకు ఒక చదరపు మిల్లీమీటరు సరిపోవును. ఇంటి కరెంటుకు తెచ్చిన అల్యూమినియము సర్వీసు తీగ ముక్కలు, ఒంటి పోగు తీగ ముక్కలు ఇంట పడి ఉన్నవి గదా యని వాడరాదు. ఒంటి పోగు తీగ ఇంజను అదురునకు విరుగును. అల్యూమినియమును రాగితో కలిపినచో తేమ తగిలిన చోట త్వరగా తినివేయబడును.

తొడుగును ఒక సెంటీమీటరు మేర ఒలువవలెను. ఒలుచునప్పుడు పోగులు తెగకుండ చూడవలెను. అతుకుటకు ముందే హీట్ ష్రింక్ ట్యూబు ముక్కను తీగకు ఎక్కించి ప్రక్కకు జరిపి ఉంచుడు. ఇది మరచి, అతుకు అంతయు పూర్తియైన పిమ్మట నాలుక కరచుకొననివాడు లేడు. తరువాత రెండు తీగల కొసలను రాగి గొట్టపు ముక్కలో ఎదురెదురుగా దూర్చి, నొక్కు పటకారుతో రెండు చోట్ల గట్టిగా నొక్కవలెను. లాగి చూచినచో రాకూడదు. నొక్కు పటకారు లేనివారు టంకము వేయవచ్చును. కాని రేడియో పనివారు వాడు గుగ్గిలపు టంకమునే వాడవలెను. రేకు డబ్బాలకు వాడు ఆమ్లము పూసినచో ఆ ఆమ్లము లోపలనే ఉండి రాగిని తినును. టంకము వేసిన చోట తీగ బిరుసెక్కును. దానిని అట్లే వదలక ప్రక్క తీగల కట్టకు కట్టివేయవలెను. లేనిచో టంకము ముగిసిన చోట విరుగును.

ఇప్పుడు ట్యూబును అతుకు మీదికి జరిపి, వేడి గాలితో గాని, కొంచెము దూరముగా పట్టిన లైటరు సెగతో గాని ముడుచుకొననీయుడు. సెగ పట్టు ఈ పనిని పెట్రోలు ట్యాంకు దగ్గర చేయరాదు. ట్యాంకును దింపి దూరముగా పెట్టవలెను. ఒకే కట్టలో మూడు నాలుగు తీగలు అతుకవలసి వచ్చినచో అన్ని అతుకులు ఒకే చోటికి రాకుండ రెండేసి అంగుళముల దూరమున వేయవలెను. అట్లయిన కట్ట లావెక్కదు, ఒక ట్యూబు చిరిగినను అతుకు అతుకును తాకదు. కడపట కట్టకు గుడ్డ టేపు చుట్టి, ఇనుప అంచులను తాకు చోట పాత సైకిలు ట్యూబు ముక్కను తొడిగి, ప్లాస్టిక్ పట్టీలతో చట్రమునకు కట్టవలెను. సైలెన్సరునకు దూరముగా ఉంచవలెను. హ్యాండిలు మెడ వద్ద మాత్రము కొంచెము వదులు ఉంచవలెను.

మెడ వద్ద, వెనుక కలిపి ఏడెనిమిది అతుకులు తేలినచో ఇక అతుకుటలో అర్థము లేదు. తీగల కట్ట అంతయు క్రొత్తది వేయించుటయే చౌక.

ఫ్యూజు సంగతి

ఫ్యూజు పోయినచో దాని మూత మీద వ్రాసిన ఆంపియర్ల ఫ్యూజునే వేయవలెను. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితము, రాగి తీగ పోగు పెట్టి ఇంటికి చేరినవారు మనలో ఎందరో. నేనును ఒకసారి పుంగనూరు నుండి మదనపల్లె వచ్చుచు ఆ పని చేసితిని. ఇల్లు చేరితిని, మరునాడు ఫ్యూజు మార్చుట మరచితిని. వారము తరువాత సీటు క్రింద కాలిన వాసన వచ్చినది. ఎత్తి చూచినచో నేను స్వయముగా టేపు చుట్టిన ఒక అతుకు నుండి ఫ్యూజు వరకు తీగ తొడుగు కరగి బొగ్గయి ఉన్నది. ట్యాంకు జానెడు దూరము. ఆనాటి నుండి రెండు ఫ్యూజులను హెల్మెట్టు లోపలి సంచిలో ఉంచుకొనుచున్నాను. ఫ్యూజు మార్చిన వెంటనే మరల పోయినచో ఎక్కడనో తీగ ఇనుమును తాకుచున్నదని గ్రహించి వెదకవలెను గాని మందపు ఫ్యూజు వేయరాదు.

అదనపు దీపములు, సంగీతపు హారనులు

అదనపు ఎల్.ఇ.డి. దీపములను ముందు దీపపు తీగకు కోసి తగిలించుట నేడు బాగుగ వ్యాపించినది. 20 వాట్ల దీపములు రెండు వేసినచో మూడు ఆంపియర్లకు పైగా అదనము. బండి జనరేటరు అంత భారమునకు చేసినది కాదు. స్విచ్చిలోని సన్నని రేకులును కావు. అవి మాడి అసలు దీపము కూడ పోవును. వేయక తప్పనిచో రిలే ద్వారా, విడి ఫ్యూజుతో వేయించుడు. రిలే అనగా భయపడనక్కరలేదు. మీ బోరు మోటారు స్టార్టరు పెట్టెలో ఆకుపచ్చ బొత్తాము మోటారు విద్యుత్తును మోయుచున్నదా? లేదు, లోపలి కాంటాక్టరు మోయుచున్నది. బొత్తాము దానిని కదలించును, అంతే. రిలే కూడ అట్టిదే. అయినను ఎదుటివాని కన్నులు చెదరునట్లు తెల్లని దీపము కొట్టుకొని పోవుట నాకు నచ్చని పని. ఎదుట వచ్చు పాలవాడు గుంటలో పడినచో ఆ వెలుగు ఎవరికి మేలు? ఉన్న ఒక్క దీపమునకు పూర్తి 12 వోల్టులు అందించినచో మన దారులకు అది చాలును.

విద్యుత్తుతో నడచు స్కూటర్ల మాట వేరు. వాని పెద్ద బ్యాటరీలో 48 వోల్టులు, అంతకు పైన కూడ ఉండును. దానిని, దాని మందపు తీగలను ఇంట విప్పరాదు.

వెనుక దీపము

తన వెనుక దీపము తనకు కనబడదు గనుక దానిని ఎవ్వరును చూచుకొనరు. 2017 ఏప్రిల్ నుండి అమ్మిన బండ్లలో ఇంజను నడచినంతసేపు ముందు దీపము వెలుగుచునే ఉండును గనుక ముందు దీపము పోయినచో వెంటనే తెలియును. వెనుకది పోయినచో వెనుక వచ్చు లారీవానికి తెలియును, అదియు ఆలస్యముగా. దీనికి ఒక సులువైన ఉపాయము కలదు. రాత్రి బండిని సున్నము కొట్టిన గోడకు వెనుకగా నిలిపి, బ్రేకు నొక్కి గోడను చూడుడు. ఎర్రని వెలుగు హెచ్చినచో బ్రేకు దీపము మంచిది. ముందు బ్రేకు, వెనుక బ్రేకు విడివిడిగా నొక్కి చూడవలెను; రెంటికి వేరు వేరు స్విచ్చులు కలవు.

వెలుగు దీపమును పచ్చిగడ్డి మోపుతోనో, టమోటా పెట్టెతోనో కప్పివేసినచో లేనట్లే. బరువు కట్టిన పిమ్మట పది అడుగులు వెనుకకు నడచి చూచి బయలుదేరవలెను. తప్పక కప్పవలసి వచ్చినచో ఎర్రని మెరుపు పట్టీని పెట్టె వెనుక భాగమున అంటించవలెను. ట్రాక్టరు ట్రైలరు ఉన్నవారు దానికి కూడ ఇదే పని చేయుడు. దీపము లేని ట్రైలరు దారి ప్రక్కన నిలిచి ఉన్నచో మంచి దీపమున్న బండికి కూడ ముప్పే.

కుప్పం, పలమనేరు వైపు దారులలో ఇంకొక అపాయము ఉన్నది. కౌండిన్య అభయారణ్యమును 1990లో ఏర్పరచిరి. అక్కడి ఏనుగులు రాత్రివేళ పంటల మీదికి వచ్చి దారులను దాటుచుండును. నల్లని ఒడలు, నల్లని దారి; మందపు దీపమునకు దగ్గరకు పోవు వరకు కనబడవు. ఆ దారిన పోవు రైతుకు బ్యాటరీ, ఎర్తు, ముందు దీపము సరిగా ఉండుట ప్రాణముతో కూడిన పని. దారి నడుమ దీపము ఆరి బండి నిలిచినచో అక్కడ దిగి తీగలు వెదకుచు కూర్చొనరాదు.

గ్రామాధికారులకు ఒక మనవి. మీరును బండ్ల మీదనే తిరుగుచున్నారు. పాల కేంద్రము వద్ద సాయంకాలపు వరుసలో పదిహేను ఇరువది బండ్లు ఒకచోట నిలిచి ఉండును. నెలకు ఒకసారి ఒక పరీక్షదీపము, గరుకు కాగితము, కొన్ని ఫ్యూజులు పట్టుకొని అక్కడ ఒక గంట నిలిచినచో పాలు కొలిచే లోపల చాల బండ్ల ఎర్తు బోల్టులు శుభ్రమగును. దీనికి ప్రత్యేకముగా నిధులు కోరనక్కరలేదు. ఊరిలో ఐ.టి.ఐ. చదివిన కుర్రవాడు ఉన్నచో వానిని వెంట తీసికొని పొండు. వాడు ఒక్క అతుకు వేసి చూపినచో మిగిలినవారు చూచి నేర్చుకొందురు.

అతుకు వేసిన పది దినములకు ఒకసారి సీటు ఎత్తి ఎర్తు బోల్టును మరల బిగించుడు. క్రొత్తగా రుద్దిన ఇనుము మీద అది కొంచెము వదులగును. దీపము వేసి పావుగంట నడపిన పిమ్మట తాళము తీసి, వేసిన అతుకులను చేతితో తాకి చూడుడు. చల్లగా ఉన్నచో అతుకు మంచిది. వెచ్చగా తగిలినచో దానిని కోసివేసి మరల వేయవలెను.